నాలుగో పేజీలోని ఒక్క వాక్యం

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ విభాగంలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మార్చి 12న మా కంపెనీ ఒకే సర్క్యులర్‌లో రెండు మార్పులు ప్రకటించింది. ఒకటి, కొత్త కార్మిక చట్టాల పేరుతో బేసిక్ (మూల వేతనం) పెంచారు. నాది 20,000 నుంచి 30,000 అయింది. సీటీసీ (కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు) మాత్రం నెలకు 60,000 దగ్గరే ఆగింది. దాంతో ఏప్రిల్ నుంచి చేతికొచ్చే జీతం 2,881 రూపాయలు తగ్గుతుంది. ఫ్లాటు వాయిదా కట్టాక ఆ డబ్బే మా అబ్బాయి బడి వ్యానుకు సరిపోయేది. రెండోది, తల్లిదండ్రులకు ఇస్తున్న గ్రూపు ఆరోగ్య బీమాను మార్చి 31తో ఆపేస్తున్నారు. మా అమ్మకు 67 ఏళ్లు. పిల్లల పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో ఆమెకు మోకాలి ఆపరేషన్ చేయించాలనుకున్నాం.

మా విభాగం వాళ్లంతా కలిసి యాజమాన్యానికి వినతిపత్రం ఇద్దామన్నారు. నాకు రాయడం వచ్చని ఆ పని నాకు అప్పగించారు. కూర్చుంటే కలం కదలడం లేదు. మా మేనేజరు గారు పిలిచి, "వ్యక్తిగతంగా తీసుకోకు, సంస్థ వైపు నుంచి చూడు" అన్నారు. మా బావమరిది కూడా అదే మాట అన్నాడు. ఇంకో విషయం నన్ను తొలుస్తోంది. నాలుగేళ్ల క్రితం ప్యాకింగ్‌లోని కాంట్రాక్టు కార్మికులకు ఉదయం ఆరు గంటల షిఫ్టు బస్సు తీసేశారు. అప్పుడు క్యాంటీన్‌లో కూర్చుని "కంపెనీ కూడా ఖర్చులు చూసుకోవాలి కదా" అన్నది నేనే. నాకు మోటారు సైకిలు ఉంది. ఇప్పుడు నా దాకా వచ్చేసరికి అన్యాయం అంటున్నానా? ఈ మార్పు నిజంగా తప్పా, నాకు నష్టం కాబట్టి తప్పుగా కనిపిస్తోందా? అన్నట్టు, మేనేజరు స్థాయి నుంచి పైవారికి మాత్రం తల్లిదండ్రుల బీమా కొనసాగుతుందట.

(పేరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించాం.)

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అమ్మగారి మోకాలు, బడి వ్యాను కనిపించాయి. రెండోసారి, నాలుగో పేజీ చివర, "అన్నట్టు" అంటూ మీరు ఊరికే విసిరేసిన వాక్యం కనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు జీతం లెక్క చూద్దాం. కోపంలో మీరు సగమే చూశారు.

2025 నవంబరు 21న దేశంలో నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాల స్థానంలో ఇవి వచ్చాయి. మీ జీతం చీటీ రూపం మారడానికి కారణం వాటిలోని వేతన నిర్వచనం. అలవెన్సులన్నీ కలిపి మొత్తం జీతంలో సగాన్ని దాటితే, దాటిన మేరకు వాటిని వేతనంగానే లెక్క కట్టాలి. ఇన్నాళ్లూ చాలా కంపెనీలు బేసిక్‌ను చిన్నగా ఉంచి, మిగిలినదంతా 'ప్రత్యేక అలవెన్సు' అనే గోనెసంచిలో కుక్కేవి. బేసిక్ చిన్నదైతే పీఎఫ్ (భవిష్య నిధి) చిన్నది, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం) చిన్నది, కంపెనీకి ఖర్చూ చిన్నదే. చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తున్నాయి కాబట్టి మనమూ అడగలేదు.

ఇప్పుడు మీ 2,881 ఎటు వెళ్లిందో చూడండి. బేసిక్ 10,000 పెరిగింది కాబట్టి మీ వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 1,200 పెరిగింది. కంపెనీ వాటా కూడా 1,200 పెరిగింది. దాన్ని మీ సీటీసీలోనే చూపిస్తారు కాబట్టి అదీ మీ చేతి డబ్బులోంచే పోయింది. గ్రాట్యుటీ కోసం 4.81 శాతం చొప్పున పక్కన పెట్టేది 962 నుంచి 1,443 అయింది, అంటే 481 తేడా. మొత్తం 2,881. మీ లెక్క పైసా తప్పలేదు. కానీ అందులో 2,400 ప్రతి నెలా మీ పేరు మీదున్న పీఎఫ్ ఖాతాలోకే వెళుతోంది. పోయిందని మీరన్న డబ్బు ఉంది, చేతికి అందని చోట ఉంది. వాయిదాలు కట్టుకునే ఇంట్లో ఆ తేడా చిన్నదేమీ కాదని నాకు తెలుసు. వ్యాను డ్రైవరు పీఎఫ్ పాస్‌బుక్ చూసి పిల్లవాడిని ఎక్కించుకోడు కదా.

గ్రాట్యుటీ సంగతి ఇంకా ఆసక్తికరం. ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తారు. మీ 11 ఏళ్లకు పాత బేసిక్ మీద సుమారు లక్షా 27 వేలు వచ్చేది. ఇప్పుడు లక్షా 90 వేలు దాటుతుంది. గడిచిన పదకొండేళ్లకు పెరిగిన ఆ 63 వేల భారం కంపెనీదే, పాత నెలల జీతాల్లోంచి దాన్ని కోసుకోలేరు కదా. పెద్ద ఐటీ కంపెనీలు సైతం 2025 డిసెంబరు త్రైమాసిక లెక్కల్లో ఈ స్మృతుల పేరున భారీ మొత్తాలు ఖర్చుగా చూపాయి. కాబట్టి ఈ మార్పులో మీ కంపెనీ లాభం మూటగట్టుకుందని వినతిపత్రంలో రాస్తే, మొదటి పేరాలోనే దొరికిపోతారు.

మీ కారిడార్‌లోనే ఇంకో ఇద్దరిని ఊహించుకోండి. ఒకాయనకు 26 ఏళ్ల సర్వీసు, వచ్చే ఏడాది రిటైర్మెంటు, బేసిక్ 28,000 నుంచి 40,000 అయింది. ఆయన గ్రాట్యుటీ 4 లక్షల 20 వేల నుంచి 6 లక్షలకు పెరిగింది. ఆ సర్క్యులర్ ఆయనకు పండగ. ఇంకో కుర్రవాడు నిరుడే చేరాడు, రెండేళ్లలో మరో కంపెనీకి వెళ్లిపోవాలని చూస్తున్నాడు. శాశ్వత ఉద్యోగికి అయిదేళ్లు నిండకుండా గ్రాట్యుటీ రాదు. అతని సీటీసీలో గ్రాట్యుటీ అని చూపించే డబ్బు ఆఖరికి అతనికి అందదు. అతనికి అది మోసంలా ఉంటుంది. మధ్యలో మీరు. ముగ్గురినీ విడివిడిగా అడిగితే మూడు తీర్పులు వస్తాయి, ముగ్గురూ తమది నిష్పక్షపాతమనే అంటారు.

కాబట్టి జీతం విషయంలో నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇది మీకు ఇబ్బంది, అన్యాయం అనలేను. వేతనాన్ని మొత్తం జీతంలో కనీసం సగంగా లెక్క కట్టమన్నది చట్టం. కంపెనీ వాటా పీఎఫ్‌ను కూడా మీ సీటీసీలోంచే కోయడం మాత్రం చట్టం చెప్పింది కాదు, కంపెనీ ఎంచుకున్న పద్ధతి. బహుశా మీ నియామక పత్రంలోనే ఆ మెలిక ఉండి ఉంటుంది, తీసి చూడండి. ఒకటి అడగడంలో తప్పులేదు. పీఎఫ్ తప్పనిసరిగా కోయాల్సిన వేతన పరిమితి 2014లో పెట్టిన 15,000 లెక్క. ఆ పరిమితి మీదే కోస్తే చేతికొచ్చే జీతం తగ్గదని కార్మిక మంత్రిత్వ శాఖ 2025 డిసెంబరులో వివరణ కూడా ఇచ్చింది. మీ కంపెనీ మొదటి నుంచీ పూర్తి బేసిక్ మీద కడుతోంది. పెరిగిన భాగం మీద కట్టాలా వద్దా అన్నది ఉద్యోగి ఇష్టానికి వదిలే వీలుందేమో హెచ్ఆర్‌ను అడగండి. అభ్యర్థనలా అడగండి, ఆరోపణలా వద్దు. నన్నడిగితే, వీలున్నా వదులుకోవద్దనే అంటాను. కానీ వాయిదా కట్టేది నేను కాదు.

ఇక మీ మేనేజరు గారి మాట. "వ్యక్తిగతంగా తీసుకోకు" అన్నది వినడానికి పెద్దరికంగా ఉంటుంది. కానీ ఆయన తల్లిగారి బీమా పోలేదు. మీ బావమరిది ఆ కంపెనీలోనే లేడు. ఒడ్డున కూర్చున్నవాడికి నీళ్ల గురించి పేచీ ఉండదు. దాన్ని మనం సమదృష్టి అనుకుని గౌరవిస్తుంటాం. దెబ్బ తగలని మనిషి నిష్పక్షపాతంగా ఉన్నాడని కాదు, అతనికి ఇంకా పరీక్ష రాలేదంతే. నాలుగేళ్ల క్రితం క్యాంటీన్‌లో మీరు ఉన్నది సరిగ్గా ఆ ఒడ్డునే. ఖర్చులు చూసుకోవాలి కదా అన్నప్పుడు మీకూ సంస్థ వైపు నుంచి చూస్తున్నాననే అనిపించి ఉంటుంది. మీ జేబులో బండి తాళం ఉంది.

అలాగని దెబ్బ తగిలినవాడి మాటే వేదమని నేను అనను. నా సంగతే చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన కార్యాలయంలో సంతకాల రిజిస్టరు తీసేసి వేలిముద్ర యంత్రం పెట్టారు. తొమ్మిదిన్నర దాటితే ఎర్ర గీత, మూడు ఎర్ర గీతలకు సగం రోజు సెలవు కోత. నేను భగ్గుమన్నాను. ఉద్యోగుల ఆత్మగౌరవం, నమ్మకం, దొంగల్లా వేలిముద్రలు అంటూ రెండు పేజీలు రాసి అందరికీ చదివి వినిపించాను. చప్పట్లు కూడా కొట్టారు. నిజమేమిటంటే నేను ఎక్కే బస్సు తొమ్మిది నలభైకి ముందు ఎన్నడూ చేరదు. పాత రిజిస్టరులో తొమ్మిదిన్నర అని నేనే రాసుకునేదాన్ని. ఆ రెండు పేజీల్లో బస్సు అన్న మాటే లేదు. అందుకే అది ఎవరినీ కదిలించలేదు. మూడు నెలల తర్వాత గుమాస్తా ఒకాయన, "సార్, మా వైపు బస్సు తొమ్మిది నలభైకి వస్తుంది, సాయంత్రం పది నిమిషాలు ఎక్కువ కూర్చుంటాం" అని ఒక్క ముక్క రాసిచ్చారు. మంజూరైంది. ఆత్మగౌరవం గురించి నేను రాసింది అబద్ధమేమీ కాదు. కానీ నా నష్టాన్ని దాచిపెట్టి, దానికి సిద్ధాంతం చొక్కా తొడిగాను. వినేవాళ్లకు ఆ వాసన ఇట్టే తెలిసిపోతుంది.

మీ నష్టం సాక్ష్యం. తీర్పు వేరు. అమ్మగారి ఆపరేషన్ గురించి వినతిపత్రంలో నేరుగా రాయండి, "నాకు ఇలా జరుగుతోంది" అని. అంతవరకూ మీరు సాక్షి. ఆ పైన "కాబట్టి ఈ నిర్ణయం తప్పు" అనాలంటే, మీ పేరు చెరిపేసినా నిలబడే కారణం కావాలి.

ఆ కారణం పట్టుకోవడానికి మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న ఉపాయం ఒకటుంది. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు పెద్దమనుషులు వాటాలు వేసి, చీట్లు రాసి, చెంబులో వేసి, చంటిపిల్లతో తీయిస్తారు. ఏ చీటీ ఎవరికొస్తుందో తెలియదు కాబట్టి వాటాలు వేసేటప్పుడే బావి ఎటు, చవుడు ఎటు అని అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని చూస్తారు. మీ సర్క్యులర్‌ను అలా చీటీ మీద పెట్టండి. రేపు పొద్దున మీరు ప్యాకింగ్ కార్మికుడో, మేనేజరో, రిటైరయ్యే పెద్దాయనో, జీతాలు చూసే అకౌంటెంటో, చీటీ తీస్తేగాని తెలియదనుకోండి. ఈ కాగితం మీద సంతకం పెడతారా?

జీతం మార్పుకు నేను పెడతాను, సణుక్కుంటూనైనా. బీమా దగ్గర ఆగిపోతాను. బీమా తీసేయడమే నేరమని కాదు. వయసు మళ్లినవారిని చేర్చే గ్రూపు పాలసీల్లో క్లెయిములు ఎక్కువ, ఏటా ప్రీమియం ఎక్కుతుంది, ఏ చిన్న కంపెనీ అయినా ఏదో ఒక రోజు చేతులెత్తేస్తుంది. తల్లిదండ్రుల ప్రీమియంలో కొంత ఉద్యోగులే భరించే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. అందరికీ ఆపేసినా, అందరి దగ్గరా వాటా అడిగినా మీరు బాధపడేవారు, నేను ఓదార్చేదాన్ని, అంతే.

ఇప్పుడు ఆ నాలుగో పేజీ. మేనేజరు నుంచి పైవారికి బీమా కొనసాగుతుంది. ఎవరి జీతం ఆపరేషన్ ఖర్చును తట్టుకోగలదో వాళ్లకు ఉంచారు, ఎవరిది తట్టుకోలేదో వాళ్లకు తీశారు. ఖర్చు తగ్గించడమే కారణమైతే అందరికీ తగ్గాలి. కోత రాసిన చెయ్యి తన వేళ్లను మాత్రం తప్పించుకుంది. మీ అమ్మగారి మోకాలికి ఏ నొప్పీ లేకపోయినా ఇది తప్పే. ఇది తప్పని చెప్పడానికి మీ కష్టం అవసరమే లేదు. మీ దగ్గరున్న అన్నిటికంటే బలమైన మాట ఇది, దాన్ని మీరు "అన్నట్టు"లో పడేశారు. సొంత నొప్పి చేసే పని ఇదే. అది అబద్ధం చెప్పదు, కానీ గొంతు పెద్దది, పక్కనున్న మాటను వినిపించనివ్వదు. (వినతిపత్రంలో పెట్టేముందు ఆ 'అట'ను రూఢి చేసుకోండి. పుకారు మీద సంతకాలు చేయించవద్దు.)

రెండో అభ్యంతరం గడువు. మార్చి 12 నుంచి 31కి 19 రోజులు. పారిశ్రామిక సంబంధాల స్మృతిలో, అంతకుముందు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ, కార్మికుల సర్వీసు షరతుల్లో కొన్నిటిని మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని ఉంది. వాడుకలో ఉన్న రాయితీని ఉపసంహరించుకోవడం కూడా ఆ జాబితాలో ఉంది. మీ బీమా దాని కిందికి వస్తుందా, మీ హోదా చట్టం చెప్పే 'కార్మికుడు' అన్న మాటకు సరిపోతుందా అన్నది కార్మిక శాఖ కార్యాలయంలోనో, న్యాయవాది దగ్గరో కనుక్కోవాలి. మేనేజర్లకు, ఒక స్థాయి జీతం దాటిన సూపర్‌వైజర్లకు ఆ రక్షణ లేదు. మీ కింద బల్లల దగ్గర నిలబడి పరీక్షలు చేసే కెమిస్టులకు ఉండే అవకాశం ఎక్కువ. చట్టం పక్కన పెట్టినా, ఆపరేషన్ తేదీ పెట్టుకున్న ఇంటికి 19 రోజులు ఏ మూలకు? ఇప్పటికే చికిత్స ఖాయమైనవారికి మూడు నెలలు పొడిగించమని అడగండి. అది ఇవ్వడం వాళ్లకూ తేలిక.

అమ్మగారి గురించి. ఈ భాగం మీకు ముందే విడిగా పంపాను, ఇదే అవస్థలో ఉన్న మిగతావారి కోసం మళ్లీ ఇస్తున్నాను. కంగారులో బయట కొత్త పాలసీ కొనేసి ఆపరేషన్ దాంట్లో అయిపోతుందనుకోవద్దు. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినవారికీ కొత్త పాలసీలు ఇస్తున్నారు. వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. అయితే ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వేచి ఉండే గడువు పెట్టవచ్చు. మోకాలి మార్పిడికి కూడా చాలా పాలసీల్లో అలాంటి గడువే ఉంటుంది. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారితే, గ్రూపులో గడిపిన కాలాన్ని ఆ గడువులో కలుపుకునే వీలుంది. దాన్ని మైగ్రేషన్ అంటారు. అది అడగడానికి కవరేజి ముగిసేదాకా ఆగకూడదు. హెచ్ఆర్ దగ్గర పాలసీ నంబరు, అమ్మగారి పేరు చేర్చిన తేదీ ఉన్న కాగితం తీసుకుని బీమా సంస్థకే రాయండి. డాక్టరు ఒప్పుకుంటే ఆపరేషన్‌ను మార్చిలోకే జరుపుకోవడం ఇంకో దారి. పిల్లల పరీక్షలు నాయనమ్మ ఆసుపత్రిలో ఉన్నా రాసుకుంటారు.

ఇక వినతిపత్రం. నేనైతే ఇలా రాస్తాను: మొదట బీమాలో హోదాను బట్టి చూపిన తేడా, తర్వాత గడువు, తర్వాత పొడిగింపు కోరిక. జీతం మార్పు గురించి ఆఖర్న రెండే వాక్యాలు, అదీ వివరణ కోరుతూ. అన్నీ ఒకే బుట్టలో వేస్తే హెచ్ఆర్ ముందు జీతం సంగతి తీసి, "ఇది చట్టం అండీ" అని నవ్వి, ఆ నవ్వుతోనే బీమాను కూడా కొట్టేస్తుంది. రెండు మార్పులనూ ఒకే సర్క్యులర్‌లో పెట్టడం యాదృచ్ఛికమని నేను అనుకోవడం లేదు. ఇక్కడ నాకు సాక్ష్యం లేదు, అనుమానమే.

మిగిలింది బస్సు. మీరు దాన్ని నేరం ఒప్పుకున్నట్టు రాశారు. నాలుగేళ్ల కిందటి మాటకు ఇప్పుడు లెంపలు వేసుకోమని నేను చెప్పను. కానీ ఉదయం ఆరు షిఫ్టుకు సూరారం నుంచో, గాజులరామారం నుంచో చీకట్లో షేర్ ఆటో కోసం నిలబడేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, మీ విభాగం వినతిపత్రం వాళ్ల దాకా వెళ్లదు. చీటీల చెంబులో వాళ్ల చీటీ కూడా ఉందని ఇందాక ఒప్పుకున్నారు కదా. ఈ వారంలో ఒకరోజు బండి ఇంటి దగ్గర పెట్టి, అయిదు గంటలకు ఆ ఆటోలో వెళ్లండి. బస్సు విషయం వినతిపత్రంలో చేర్చమంటారా, చేరిస్తే వాళ్ల కాంట్రాక్టరుతో ఇబ్బంది వస్తుందా అని వాళ్లనే అడగండి. వద్దంటే చేర్చకండి. ఏమన్నారో నాకు రాయండి. ఈసారి దాన్ని మొదటి పేజీలోనే రాయండి.